లేజర్ కిరణం, మన మేనిచాయ

అవాంఛిత రోమాలను తొలగించుకొనే అలవాటు నిన్న మొన్నటిది కాదు. నలుగుపిండి మన నాయనమ్మల కాలం నుండి ఉన్నదే. శరీర పరిశుభ్రతలో భాగంగా కొన్ని చోట్ల రోమాలను తీసివేయడం మన మతధర్మం నేర్పిన ఆచారం కూడా. పిమ్మట దారం వచ్చినది, మైనం వచ్చినది. ఈ వరుసలో చివరిది లేజర్. దారానికి గాని, మైనానికి గాని మనిషి రంగుతో పని లేదు. లేజర్‌కు రంగుతోనే పని. ఈ ఒక్క సంగతి తెలియనందువలన ఎంత బాధ కలుగుతుందో నేను మా బంధువర్గంలోనే చూచినాను.

మా ఖాలా కూతురిది చామనచాయ. నిఖా రెండు నెలలున్నదనగా పట్టణంలోని ఒక బ్యూటీ పార్లర్‌లో గడ్డం క్రింద, చెంపల మీద లేజర్ చేయించుకొన్నది. ఆమె చర్మాన్ని పరీక్షించిన వారు లేరు. అంతకుముందు ఎండలో తిరిగినావా అని అడిగిన వారూ లేరు. మరునాటికి బొబ్బలు లేచినవి. అవి ఎండిన చోట నల్లని మచ్చలు వరుసగా తేలినవి. "ఆపా, అత్తవారు అడిగితే నేనేమి చెప్పాలి?" అన్నది. ఆ మాటలో నొప్పి కంటె భయమే ఎక్కువగా వినిపించినది. నిఖా అనుకొన్న నాటికే జరిగినది. కాని పెళ్ళి ఫోటోలలో ఆ పిల్ల దుపట్టాను చెంపల మీదికి లాగుకొనియే కనిపిస్తుంది. మచ్చలు మాయడానికి ఏడాది పట్టినది. ఆమెకు చికిత్స చేసిన చర్మవ్యాధి నిపుణురాలు చెప్పిన విషయాలను, తరువాత నేను చదివి తెలుసుకొన్న విషయాలను మా విద్యార్థినుల కోసం ఇక్కడ వ్రాస్తున్నాను.

1960లో థియొడోర్ మైమన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు కెంపు స్ఫటికంతో మొట్టమొదటి లేజర్‌ను వెలిగించినాడు. 1983లో రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ అనే ఇద్దరు వైద్యులు ఒక సూత్రాన్ని ప్రతిపాదించినారు. తగిన తరంగదైర్ఘ్యం గల కాంతిని అత్యల్ప కాలం ప్రసరింపజేస్తే, చుట్టుప్రక్కల భాగాలకు హాని లేకుండా, రంగు గల లక్ష్యం ఒక్కటే వేడెక్కి నశిస్తుందనేది ఆ సూత్రం. రోమం విషయంలో ఆ లక్ష్యం మెలనిన్ అనే నల్లని వర్ణద్రవ్యం. అది కిరణాన్ని పీల్చుకొని వేడెక్కుతుంది. ఆ వేడికి రోమకూపం దెబ్బతింటుంది. నెరసిన వెంట్రుకపై లేజర్ పనిచేయకపోవడానికి కారణం దానిలో ఈ ద్రవ్యం లేకపోవడమే.

చిక్కు ఇక్కడనే ఉన్నది. మెలనిన్ రోమంలోనే కాదు, చర్మం పైపొరలోనూ ఉన్నది. వేసవి మధ్యాహ్నం దర్గా ఆవరణలో చెప్పులు లేకుండా నడిచిన వారికి తెల్లని పాలరాయికి, కడప నల్లబండకు గల భేదం అరికాలికే తెలుస్తుంది. తెల్లని చర్మంలో కిరణం పైపొరను దాటి రోమమూలాన్ని చేరుతుంది. చామనచాయ, నలుపు చర్మాలలో దానిలో కొంత భాగం పైపొరలోనే చిక్కి అక్కడనే వేడి పుట్టిస్తుంది. ఎండ నుండి మనలను జీవితాంతం కాపాడే ఆ ద్రవ్యమే లేజర్ ముందు మనకు ప్రమాదహేతువవుతున్నది.

చర్మభేదాలను వైద్యులు ఆరు తరగతులుగా చెప్తారు. 1975లో హార్వర్డ్ వైద్యుడు థామస్ ఫిట్జ్‌పాట్రిక్ ఈ విభజనకు పునాది వేసినాడు. ఎండలో ఎవరి చర్మం కందుతుంది, ఎవరిది నల్లబడుతుంది అన్నది దీనికి ఆధారం. కాంతిచికిత్సలో మోతాదు నిర్ణయించడానికి ఏర్పడిన ఆ పట్టికలో మొదట ఉన్నవి తెల్లవారి తరగతులే. గోధుమ, నలుపు వర్ణాలకు 5, 6 తరగతులు తరువాత చేరినవి. మన తెలుగువారిలో అధికులు 4, 5 తరగతుల వారు. కెంపు లేజర్‌తో రోమాలు తొలగించే ప్రయోగ ఫలితాలు 1996లో బోస్టన్ నుండి ప్రచురితమైనవి. ఆ ప్రయోగానికి ముందుకు వచ్చిన 13 మందీ తెల్లని చర్మం, ముదురు రంగు వెంట్రుకలు గలవారే. అనగా ఈ విద్య మొదట మనవంటి చర్మం మీద సాధన చేసినది కాదు.

అయితే మనకు ఇది తగనే తగదని భావించనక్కరలేదు. తరంగదైర్ఘ్యం పెరిగే కొద్దీ మెలనిన్ పీల్చుకొనే కాంతి తగ్గుతుంది, కిరణం లోతుకు పోతుంది. కెంపు లేజర్‌ది 694 నానోమీటర్లు. అలెగ్జాండ్రైట్‌ది 755. డయోడ్ లేజర్‌లలో ఎక్కువ వాడుకలో ఉన్నది 800 ప్రాంతం. ఎన్.డి.యాగ్ లేజర్‌ది 1064. మొదటి రెండూ తెల్లని చర్మానికి అనువైనవి. డయోడ్‌ను చామనచాయకు జాగ్రత్తతో వాడవచ్చును. నల్లని చర్మానికి అన్నింటిలో క్షేమకరమైనది ఎన్.డి.యాగ్. దానితోపాటు కిరణం తగిలే వ్యవధి కొంత పెంచాలి, శక్తి తగ్గించాలి, చర్మాన్ని చల్లబరుస్తూ ఉండాలి. ఐ.పి.ఎల్. అనే మరొక యంత్రాన్ని సైతం కొన్నిచోట్ల లేజర్ అనియే పిలుస్తున్నారు. అది అనేక తరంగదైర్ఘ్యాలు కలిసిన కాంతి. నల్లని చర్మానికి దానివలన కాలే ప్రమాదం ఎక్కువ.

కావున "లేజర్ మంచిదేనా?" అని అడగడం వలన ప్రయోజనం లేదు. "నా చర్మం ఏ తరగతి? మీ యంత్రం ఏది?" అని అడగాలి. ఎండకు నల్లబడిన చర్మంపై చికిత్స వాయిదా వేయాలి. ముందుగా చిన్న చోట పరీక్షించి, కొన్ని రోజులు వేచి చూడాలి. దారంతో గాని మైనంతో గాని మూలాన్ని పెరికి వస్తే కిరణానికి లక్ష్యమే ఉండదు. క్షౌరం మాత్రం చేసుకోవచ్చును. కండ్లకు కవచం తప్పనిసరి. కనురెప్పల చెంత, కనుబొమల క్రింద ఈ చికిత్స కూడదు. గర్భిణులు దీనిని వాయిదా వేసుకోవడమే మేలు. నొప్పి తెలియకుండా పూసే మత్తు క్రీమును తేలికగా తీసుకోరాదు. దానిని కాళ్ళకు పూసుకొని ప్లాస్టిక్ పొర చుట్టుకొన్న ఇద్దరు యువతులు అమెరికాలో మరణించగా, 2007లో అక్కడి ఆహార, ఔషధ సంస్థ ప్రజలను హెచ్చరించినది.

కాలిన చోట నల్లమచ్చలే కాక తెల్లమచ్చలూ రావచ్చును. మన సంఘంలో వాటిని చూచినవారు బొల్లి అని గుసగుసలాడుతారు. మరొక వింత పరిణామం కూడా కలదు. మనవంటి చాయ గల కొందరికి, ముఖ్యంగా ముఖం, మెడ ప్రాంతాలలో, చికిత్స తరువాత రోమాలు తగ్గడానికి మారుగా పెరుగుతాయి. ముఖాన రోమాలు దట్టంగా వచ్చి, నెలసరి క్రమం తప్పినచో అది అండాశయ సంబంధమైన హార్మోన్ల లోపం కావచ్చును. అట్టివారు ముందుగా వైద్యులను చూడాలి. మూలకారణం ఉండగా లేజర్ ఒక్కటే చాలదు. "శాశ్వతంగా" అనే ప్రకటనలనూ నమ్మరాదు. ఆరు నుండి ఎనిమిది పర్యాయాలు, కొన్నేసి వారాల ఎడంతో చేసినప్పుడు కలిగేది దీర్ఘకాలపు తగ్గుదల మాత్రమే.

మా తరగతిలోని ఆడపిల్లలు స్కాలర్‌షిప్ డబ్బు దాచుకొని, రాయితీ కరపత్రాలు పట్టుకొని పార్లర్లకు పోవడం నేను ఎరుగుదును. సిగ్గు వలన ఇంటిలో చెప్పరు. చెప్పనందువలన అడిగే పెద్దదిక్కు లేకపోతున్నది. వారిని మందలించడం వలన ఫలితం లేదు. ఈ సంవత్సరం ఆరోగ్య ఉపన్యాసాలలో ఒకదానిని మహిళా చర్మవ్యాధి నిపుణురాలిచేత, విద్యార్థినులకు మాత్రమే, ఉర్దూ తెలుగు భాషలు రెంటిలోనూ ఇప్పించవలసినదిగా కళాశాల కమిటీ పెద్దలకు మనవి చేస్తున్నాను. అందుకు కావలసినది ఒక గది, ఒక గంట కాలం.

విద్యార్థినులారా! చేయించుకోవడం, మానుకోవడం మీ ఇష్టం. చేయించుకొనదలిస్తే మాత్రం మీ మేనిచాయను దాచవలసిన లోపంగా కాక, వైద్యునికి ముందుగా చెప్పవలసిన వివరంగా తలచండి. అడిగిన దానికి జవాబు చెప్పలేని చోట మీ చెంపను అప్పగించకండి.