దూలాలు దిగిన యిల్లు

రాజపాళయం అనగానే మన వారికి తెల్లని వేటకుక్కలూ, నూలు మిల్లులూ, పడమటి కనుమలూ జ్ఞాపకం వస్తాయి. విజయనగరపు రోజులనాడు దక్షిణానికి తరలివచ్చినట్లు చెప్పుకొనే రాజుల కుటుంబాలు ఇక్కడ తరతరాలుగా ఇంట తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుకొంటూ స్థిరపడిపోయినవి. 1949 నుండి 1952 వరకు మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉండిన పి. ఎస్. కుమారస్వామి రాజాగారు ఈ ఊరివారే. ఆయన తమ యింటిని గాంధీ కలై మన్రానికి ఇచ్చివేశారు. ఇల్లు నిలబెట్టుకొనే మార్గాలలో అదొకటి. అందరికీ అది సాధ్యం కాదు గదా! తక్కిన పాత యిండ్లు ఏమవుతున్నవో చూడవలెనంటే పళయపాళయం వీధులలో కాసేపు నడిస్తే చాలు.

మేము వెళ్ళిన నాడు అక్కడ ఒక యింటి మిద్దె విప్పుతున్నారు. అది మద్రాసు మిద్దె. టేకు దూలాలు, వాటిపై అడ్డంగా వాసాలు, వాసాలపై సన్నని యిటుకలు ఏటవాలుగా నిలబెట్టి సున్నంతో కట్టి, పైన యిటుక జల్లి వేసి దిమ్మిస కొట్టిన కప్పు. ఇటువంటి పనికి చెయ్యి తిరిగిన మేస్త్రీలు ఇప్పుడు అరుదు. ఆ పని తగ్గడానికి సిమెంటే ముఖ్య కారణం. 1936 లో రాజపాళయం మిల్లు పెట్టిన పి. ఎ. సి. రామస్వామి రాజాగారే పిమ్మట 1957 లో మద్రాసు సిమెంట్సు స్థాపించారు. ఇప్పుడది రామ్‌కో సిమెంట్సు. పాత మిద్దెలకు పోటీ కూడా ఊరివారే తయారుచేశారని మేము నవ్వుకొన్నాము. ఇంటి పెద్దావిడ నవ్వలేదు.

"అయిదుగురు అన్నదమ్ములకు పంపకమండీ. ఇంటిని అయిదు ముక్కలు చెయ్యలేము, కొయ్యను చెయ్యవచ్చునట," అన్నారామె.

దూలాలు బర్మా టేకువని ఆమె మాట. కావచ్చు. కనుమ దాటితే తిరువాంకూరు అడవులు. ఆరియంకావు దారిన అక్కడి టేకూ ఈ వైపుకు వచ్చేది. కాని బర్మా అనే మాటకు మన వారిలో వేరొక బరువు వుంది. 1931 జనాభా లెక్కలలో రంగూను నగరంలో సగానికి పైగా భారతీయులే. వారిలో రేవులలోనూ, మిల్లులలోనూ చెమటోడ్చిన తెలుగువారు ఎందరో. కోరంగి రేవు నుండి ఓడ ఎక్కిపోయిన వారి మూలంగా అక్కడ మనవారికి ‘కొరంగీలు’ అనే పేరే పడింది. 1942 లో జపాను సేనలు వచ్చినప్పుడు కాలినడకన తిరిగి వచ్చిన వారి కథలు మన యిండ్లలో ఇంకా వినబడుతూనే వున్నవి. ఆ దేశం 2014 ఏప్రిల్ నుండి ముడి దుంగల ఎగుమతి నిలిపివేసింది. అందుచేత పాత యిండ్లలోని టేకుకు గిరాకీ మరింత హెచ్చింది.

విప్పిన దూలాలు కొయ్య అడితికి పోతాయి. అక్కడి ఆసారి మాకు పని అంతా ఓపికగా చూపించాడు. మొదట మేకుల వేట. సున్నం కింద, తుప్పు కింద దాగిన ఒక్క మేకు చాలు, రంపపు పళ్ళు ఎగిరిపోవడానికి. అందుచేత లోహం పసిగట్టే యంత్రాన్ని ప్రతి ముఖం మీదా నడిపిస్తారు. పాత రంగు వుంటే అందులో సీసం ఉండవచ్చు. సీసపు ధూళిని ఆపే తగిన మాస్కు లేకుండా గీకరాదు. పిమ్మట గోడలో కూరుకొన్న కొనలను కోసి పారవేస్తారు. చెమ్మ తగిలేదీ, గుల్ల పట్టేదీ అక్కడే. చెదలకు చేవ లొంగదు గాని, అంచున ఉండే పాలకొయ్య లొంగుతుంది.

పద్నాలుగడుగుల పొడవు, ఎనిమిదంగుళాల ఎత్తు, ఆరంగుళాల మందం గల దూలం దాదాపు నాలుగున్నర ఘనపుటడుగులు. ముప్పాతిక అంగుళం పలకలుగా కోస్తే ఏడెనిమిది వస్తాయి. రంపపు పొట్టు, చిత్రిక, అంచులు పోగా నలభై చదరపుటడుగుల నేలకు వస్తే అదృష్టమే. పది పన్నెండడుగుల గదికి మూడు దూలాలు కావాలన్నమాట! ప్రతి పలకకూ ఒక అంచున గాడి, రెండవ అంచున నాలుక తీస్తారు; ఒకదానిలో ఒకటి దూరి కూర్చుంటాయి. వంద యేండ్లు ఎండిన కొయ్య గదా అని కోసిన నాడే పరచరాదు. లోపలి బిగువు విడి కొంచెం వంగుతుంది. పరచబోయే గదిలోనే మధ్య మధ్య బద్దలు పెట్టి పేర్చి కొన్ని వారాలు ఉంచాలి. గోడ పక్కన అరంగుళం సందు వదలాలి, వానాకాలంలో ఉబ్బడానికి.

మేకులున్న చోట కొయ్యలో నల్లని మచ్చలు నిలిచిపోతాయి. వాటిని పూడ్చమనేవారు కొందరు. అవే కావాలని ఎక్కువ ఇచ్చేవారు మరికొందరు. పట్నపు మేడలలో ఆ మచ్చలకే మోజు. మాకైతే దూలాన్ని దూలంగా చూడడమే ఇష్టం. ఐనా బాయిలరులో పొయ్యికట్టె కావడం కంటె ఒకరి కాలికింద పలకగా ఉండడం ఎంతో నయం.

అసలు నష్టం బేరంలో వుంది. ఇల్లు విప్పేవాడు యిటుక, ఇనుము, కొయ్య అన్నీ కలిపి ఒక మొత్తం చెబుతాడు. ఆ మొత్తంలో టేకు దాదాపు ఉచితంగా పోతుంది. పెద్దావిడకు చెప్పిన ధర కూడా అటువంటిదే. ఆసారి టేపు తీసి దూలాలు ఒక్కొక్కటే కొలిచి ఘనపుటడుగుల లెక్క కాగితం మీద వేసిచ్చాక, ఆమె కొడుకు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. కొయ్యను బేరంలోనుండి తీసివేశారు. అన్నదమ్ములు అయిదుగురూ సాయంత్రం కూర్చున్నారు.

మూడు దూలాలు పెద్దావిడ కొత్త మేడగది నేలకు. ద్వారబంధం, గడప రెండవ కుమారుడికి. మిగిలినవి కొలత ప్రకారం అమ్మి పంచుకొంటారట. గురువారం లారీ వస్తుంది.