సాల్వీన్‌కి అటూ ఇటూ

'బర్మా టేకండీ... మా తాత చేయించింది!' పాత ఇళ్ల గుమ్మాలు చూపిస్తూ ఇలా మురిసిపోయేవాళ్లు మన ఊళ్లలో ఇప్పటికీ కనిపిస్తారు. ఆ టేకు వైభవం ఆనవాళ్లు చూడాలంటే మయన్మార్‌లోని మౌల్మేన్ వెళ్లాలి. సాల్వీన్ నది సముద్రంలో కలిసేచోట ఉంటుందీ రేవు పట్టణం. కొండమీది పగోడా దగ్గర నిలబడితే నది, దాని నడుమ లంకలు, ఊరి పెంకుటిళ్లు అన్నీ ఒక్క చూపులో కనిపిస్తాయి.

బ్రిటిష్‌వాళ్ల కాలంలో ఈ ఒడ్డంతా దుంగలే. అడవిలో చెట్టు మొదట్లో చుట్టూ గాటు పెట్టి రెండు మూడేళ్లు నిలువునా ఎండనిచ్చేవారు. పచ్చి టేకు నీళ్లలో మునుగుతుంది మరి! ఎండాక నరికితే ఏనుగులు వాగుదాకా ఈడ్చేవి, వానాకాలం వరద నదిలోకి చేర్చేది. కోరంగి, కాకినాడ, భీమిలి, విశాఖల్లో ఓడెక్కి 'రంగం' వెళ్లిన మనవాళ్లెందరో బర్మా రేవుల్లో, మిల్లుల్లో చెమటోడ్చారు.

సాల్వీన్ ఎగువన కొంతమేర మయన్మార్, థాయ్‌లాండ్‌లకు సరిహద్దు. అప్పట్లో అటువైపు నరికిన దుంగలూ ఈ రేవుకే తేలివచ్చేవి. ఒకే నది, ఒకే వ్యాపారం. మరి దారులెక్కడ చీలాయి?

వరద నేర్పిన పాఠం

థాయ్‌లాండ్‌లో 1961లో సగానికి పైగా నేల అడవే. 1988 నాటికి అది 28 శాతానికి పడిపోయింది. ఆ ఏడాది నవంబరులో దక్షిణాది కొండలు జారి, బురదతోపాటు దుంగలు ఊళ్లమీద పడ్డాయి. మూడొందల మందికి పైగా చనిపోయారు. 1989 జనవరిలో ప్రభుత్వం సహజ అడవుల్లో నరకడాన్ని నిషేధించింది.

అయితే మిల్లులకు కలప కావాలిగా! అదే ఏడాది థాయ్ కంపెనీలు సరిహద్దు దాటి బర్మా అడవుల్లో గుత్తలు పట్టాయి. 1993లో వాటికి తెరపడేలోపే ఆ అంచు చాలామేర బోసిపోయింది.

ఆ తర్వాత థాయ్‌లాండ్ రబ్బరు తోటలవైపు చూసింది. పాతికేళ్లు పాలిచ్చి ఒట్టిపోయిన చెట్టు ఒకప్పుడు పొయ్యిలోకే. పురుగు పట్టకుండా మందు ఎక్కించి ఆరబెడితే అదే మంచి కలపని తేలింది. ట్రాంగ్, సూరత్‌థానీ వైపు వెళ్తే ఆ కోత మిల్లులు కనిపిస్తాయి. సరుకులో ఎక్కువ భాగం చైనాకే. ఈ తోటల కోసమూ ఒకప్పుడు అడవులు పోయాయన్నది నిజం. కానీ నరికినచోట మళ్లీ మొక్క లేస్తోంది.

ఖరీదు ఎవరిది?

ఘనపుటడుగు లెక్కన టేకు ముందు రబ్బరు కలప చాలా చవక. అయినా 2014 తర్వాత ఎగుమతి రాబడిలో థాయ్‌లాండ్‌దే పైచేయి. 2010-15 మధ్య మయన్మార్ ఏటా 5.46 లక్షల హెక్టార్ల అడవిని పోగొట్టుకుంది. అంతకంటే ఎక్కువ పోగొట్టుకున్నవి బ్రెజిల్, ఇండొనేషియా మాత్రమే. 2014 ఏప్రిల్ 1 నుంచి ముడి దుంగల ఎగుమతి ఆపేసింది. 2021లో సైన్యం గద్దెనెక్కాక అక్కడి ప్రభుత్వ కలప సంస్థమీద అమెరికా, ఐరోపా ఆంక్షలు పెట్టాయి.

మంచి టేకు దుంగ తయారవ్వాలంటే అరవై, ఎనభై ఏళ్లు పడుతుంది. అంటే మౌల్మేన్ ఒడ్డున మళ్లీ అలాంటి దుంగలు చూడాలంటే ఇవాళ నాటాలి, మన మనవలు వెళ్లాలి. ఈలోపు తాతగారి గుమ్మానికి ఏటా కాస్త నూనె రాయండి. అలాంటిది మళ్లీ చేయించడం కష్టం!