ఏడున్నర హెచ్.పి.

మా జంగమకోటె పక్క హెచ్.పి. లెక్క ఎవరూ బళ్ళో నేర్చుకోలేదు, బోరు దగ్గర నేర్చుకున్నారు. నా చిన్నప్పుడు ఐదు హెచ్.పి. మోటారు దించితే మల్బరీ తోట తడిసేది. తర్వాత ఏడున్నర అన్నారు, ఆ తర్వాత పది, పన్నెండున్నర. నీళ్ళు కిందికి పోయేకొద్దీ అంకె పైకి పోయింది. రచ్చకట్ట మీద పెద్దవాళ్ళు ఆ అంకెలు చెప్పుకునే గొంతు నాకింకా జ్ఞాపకం. అందులో గొప్ప ఉండేది కాదు, దిగులుండేది.

అప్పటికి మాది కోలారు జిల్లానే. చిక్కబళ్ళాపురం జిల్లా 2007లో గదా అయింది! తొంభైల చివర్లో ఒక ఎండాకాలం, నేనూ మా చిన్నాయన కొడుకూ గో-కార్ట్ కట్టాలని పూనుకున్నాం. ఇనుప పైపులతో చట్రం వెల్డింగయింది. ఇంజను దగ్గరే మాట తెగలేదు. నాకు యమహా ఆర్‌ఎక్స్ 100దే కావాలి. వంద సీసీ కూడా నిండదు, అయినా పదకొండు హెచ్.పి. ఆ బండి జంగమకోటె క్రాసులో పోతుంటే శిడ్లఘట్ట మార్కెట్టుకు పట్టుగూళ్ళు తీసుకుపోయే రైతులు కూడా తిరిగి చూసేవాళ్ళు. తమ్ముడేమో టీవీఎస్ 50 చాలన్నాడు. తేలిక, గేర్ల గొడవ లేదు, పక్కనే హొసూరులో తయారయ్యేది.

క్రాసులో ఒక మెకానిక్ ఉండేవాడు. మేస్త్రన్నా అని పిలిచేవాళ్ళం. చేతులు కడుక్కున్నా కిరసనాయిలు వాసన పోయేది కాదు. ఇద్దరి వాదనా విని ఒకే మాట అడిగినాడు.

“యాడ తోల్తారప్పా దీన్ని?”

చెరువులో, అన్నాం. ఎండిన చెరువు తప్ప మాకు చదునైన నేల ఇంకెక్కడుంది? పైన పగుళ్ళు, కింద మెత్తటి ఒండ్రు.

“ఆర్‌ఎక్స్ పదకొండు ఇచ్చేది బాగా రేసు చేస్తేనే. ఏడువేల ఐదొందల ఆర్‌పీఎం పోవల్ల. ఆ మట్టిలో యాడ పోనిస్తుంది? చేతక్‌ది పెట్టుకోండి. ఏడున్నరే గానీ ఎద్దు మాదిరి కిందినుంచే లాగుతుంది.”

టీవీఎస్ 50ని ఆయన రెండు మాటల్లో తీసేసినాడు. మట్టిలో దిగబడితే తగ్గించుకోను దానికి గేరేదీ? చేతక్ సంగతి మాత్రం చాలాసేపు చెప్పినాడు. 145 సీసీ, నాలుగు గేర్లు. పది అంగుళాల చక్రం గేర్‌బాక్సు ఇరుసుకే బిగుస్తుంది కాబట్టి చైను, పళ్ళచక్రాల లెక్కలు అక్కర్లేదు. అన్నిటికన్నా ముఖ్యం గాలి. మోటార్‌సైకిల్ ఇంజను ఎదురుగాలికి చల్లబడుతుంది. సీటు వెనక పెడితే గాలెక్కడిది? స్కూటరు ఇంజను రేకు కప్పు లోపల ఉంటుంది గనక దానికి సొంత ఫ్యాను ఉంటుంది, నిలబెట్టి తిప్పినా చల్లబడుతుంది.

ఇంజను బెంగళూరు శివాజీనగర్ గుజరీ నుంచి వచ్చింది. ఎంతిచ్చామో, ఎవరు తెచ్చినారో మరిచిపోయినాను. దాన్ని చూడగానే నాయన అడిగింది మరిచిపోలేదు. “ఏడున్నరంటే మన బోరు మోటారంత గదరా. నీళ్ళు తోడుతుందా ఇది?” ఆ ఏడు మా బోరు ఆగి ఆగి పోస్తోంది. ఆయన నిజంగానే అడిగినాడు.

చెరువులో బండి నడిచింది. లాగేది కుడి చక్రం ఒక్కటే కావడంతో రేసిచ్చినప్పుడల్లా ఎడమకు తిరిగేది, స్టీరింగును కుడికి బిగబట్టాల్సి వచ్చేది. పళ్ళ మధ్య మట్టి, ముక్కులో టూ-స్ట్రోక్ పొగ, వెనక ఊరి పిల్లలంతా. మూడో గేరు వేసినామా లేదా అన్నది తేలదు. తమ్ముడు వేసినామనే అంటాడు.

1956లో కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ కట్టిన మొదటి కార్ట్‌కు రెండున్నర హెచ్.పి. గడ్డికోత యంత్రం ఇంజనే సరిపోయిందని చాలా ఏళ్ళకు చదివినాను. ఆ తొలి కార్టులు తిరిగింది కార్లు నిలిపే చదునైన స్థలాల్లో. మేస్త్రన్న ముందు నేల గురించే ఎందుకు అడిగినాడో అప్పుడు బాగా అర్థమయింది.

ఇప్పుడు హెబ్బాళ–నాగవార పథకం కింద బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి మా జిల్లాలో ఎండిన అలాంటి చెరువులకు పంపుతున్నారు. ఇంజనీరింగు చదివే మా చెల్లెలి కొడుకు కాలేజీ పోటీకి కార్ట్ కడుతున్నాడు, లెక్కంతా కిలోవాట్లలో చెప్తాడు. మన ఏడున్నర వాడి లెక్కలో ఐదున్నర పైచిలుకు. యాడ తోల్తారని అడిగితే తారు ట్రాకు అన్నాడు. అయితే ఆర్‌ఎక్స్ లాంటిదైనా సరే, రేసు చేసుకోవచ్చు అన్నాను. మరి సీటు వెనక దానికి గాలెట్లా? ఆ సంగతి వాళ్ళ జట్టులో ఎవరూ చూసుకోలేదట. ఆదివారం చట్రంతో సహా రమ్మన్నాను.