ఎడింబరో మ్యూజియములో ‘మెయిడెన్’

స్కాట్లండు జాతీయ మ్యూజియము ఎడింబరో నగరమున ఛాంబర్స్ వీథిలో నున్నది. తలుపులు లేని ద్వారబంధమువలె అందు నిలిచియున్న యొక కొయ్యచట్రమును చూచుటకే నేను పనిగట్టుకొని పోయితిని. దాని పేరు మెయిడెన్, అనగా కన్య. 1564లో నిర్మింపబడి, 1710 వరకు 150 మందికి పైగా శిరస్సులను ఖండించిన యంత్ర మిది.

సుమారు 10 అడుగుల యెత్తున రెండు ఓకు స్తంభములు, వాని లోపలి పక్కల నిలువునా తొలిచిన గాళ్లు, ఆ గాళ్లలో జారు నినుపకత్తి, కత్తికి బరువు చేకూర్చుటకై దానిపై బిగించిన సీసపు దిమ్మ, క్రింద మెడ నానించు అడ్డకొయ్య: ఇంతకంటె నిందులో మరేమియు లేదు. పని ముగిసినంతనే విడదీసి దాచి, మరల కావలసినపుడు కూర్చుకొనుటకు వీలుగా దీనిని చేసిన వడ్రంగుల నేర్పు నాకు మెచ్చదగినదిగను, మెచ్చుటకు మనసొప్పనిదిగను తోచెను.

దీనిని చేయించినది కరుణ యనుకొనుట పొరపాటు. నగరపు ఖడ్గ మరిగిపోయి, 1563లో నొకని శిరచ్ఛేదమునకు పరుల కత్తిని తెచ్చుకొనవలసిన దుర్గతి అధికారులకు పట్టినందున, మరుసటి యేడు మెయిడెన్ వెలసినది. అయినను దీనివలన కొంత మేలు కలుగకపోలేదు. ఏ రాణి యేలుబడిలో నీ యంత్రము పుట్టినదో, ఆ మేరీరాణి 1587లో ఇంగ్లండున ఫోదరింగే కోటలో గొడ్డలికి తలయొగ్గినపుడు, తొలివేటు మెడకు తగులక తల వెనుకకు తగిలెను. తలారి మరల గొడ్డలి నెత్తవలసి వచ్చెను. సీసపు దిమ్మకు చేయి వణకదు గదా!

రాజప్రతినిధిగా దేశము నేలిన మోర్టన్ ప్రభువు 1581లో దీని క్రిందనే మడిసెను. ఇంగ్లండులోని హాలిఫాక్సున ఇట్టి శిరచ్ఛేద యంత్రమునే చూచివచ్చి దీనిని తెచ్చినవాడు నతడే యనుట జనుల కల్పన. ఆ హాలిఫాక్సులో 13½ పెన్నీల వెలగల బట్టను దొంగిలించినను తల పోయెడిది. పశువుల దొంగయైనచో, ఆ పశువునకే త్రాడు కట్టి తోలి, దానిచే కత్తిని నిలిపియుంచు మేకును లాగించెడివారట. ఇట్టి న్యాయమునకు వ్యాఖ్యాన మేల?

ఇట్లుండ లోకము గిలెటిన్‌ను ఫ్రెంచి విప్లవపు సృష్టిగానే తలచుచున్నది. డాక్టరు గియోతాఁ 1789లో సభయందు ప్రతిపాదించినాడు, డాక్టరు లూయీ రూపకల్పన చేసినాడు, హార్ప్సికార్డ్ వాద్యములు చేయు ష్మిట్ నిర్మించినాడు. 1792 ఏప్రిలు 25న పారిస్‌లో నది తొలిసారి దిగుసరికి, ఎడింబరో యంత్రము మూలబడి ఎనుబదేండ్లు దాటినది. కొత్త యంత్రమును కనిపెట్టిన ఖ్యాతిగాని అపఖ్యాతిగాని ఫ్రెంచివారికి చెల్లదనియే నా తీర్పు. దానిని దీర్ఘకాలము వదలకుండుట మాత్రము వారిదే: 1977 సెప్టెంబరు 10న మార్సెయి కారాగారములో గిలెటిన్ చివరిసారి దిగెను, 1981లో ఆ దేశము మరణదండననే రద్దు చేసినది.