పెద్ద పిల్లలతో కలిసి చూడదగిన ఒక చిత్రము

పిల్లలను ఎటువంటి సినిమాలు చూడనివ్వాలని, గృహదర్శనములకు వెళ్లినప్పుడు తలిదండ్రులు మమ్ములను అడుగుతుంటారు. "అసలు చూడవద్దు" అనుట సులభమే. కాని ఇంటింటా ఫోను ఉన్న ఈ దినములలో ఆ మాట గుమ్మము దాటదు. ఏది, ఏ వయస్సులో, ఎవరి ప్రక్కన కూర్చుని చూడాలో చెప్పుటయే మేలు. గనుక ఈ నెల ఒక చిత్రమును గూర్చి వ్రాయుచున్నాము.

దాని పేరు "అక్టోబర్ స్కై". 1999లో అమెరికాలో విడుదలైనది. హోమర్ హికమ్ అను ఇంజనీరు తన చిన్ననాటిని గూర్చి వ్రాసిన పుస్తకము దీనికి ఆధారము. వెస్ట్ వర్జీనియాలో కోల్‌వుడ్ అను బొగ్గుగనుల ఊరు. 1957 అక్టోబరులో రష్యావారు పంపిన స్పుత్నిక్ ఉపగ్రహము తమ ఊరి మీదుగా పోవుట చూచి, హైస్కూలులో చదువుచున్న హోమరు తానును రాకెట్లు చేయాలని పూనుకుంటాడు. ముగ్గురు స్నేహితులు తోడవుతారు. మిస్ రైలీ అను ఉపాధ్యాయిని వారిని ప్రోత్సహిస్తుంది. గనిలో అధికారియైన తండ్రికి మాత్రము ఇదంతా వ్యర్థమైన ఆట. కొడుకు తనవలెనే గనిలో దిగాలని ఆయన కోరిక.

ఈ చిత్రములో మాకు నచ్చినది, తండ్రిని దుర్మార్గునిగా చూపకపోవుట. ఆయన తన పనిని ప్రేమించినవాడు. ప్రమాదములో కూలీలను రక్షించబోయి తానే గాయపడతాడు. ఒక పిల్లవానిని సవతితండ్రి కొట్టుచుండగా అడ్డుపడతాడు. అయినను తన కొడుకు మనస్సు ఆయనకు అందదు. పరాయి పిల్లల బాధ తెలిసి సొంత బిడ్డ కోరిక తెలియని తండ్రులు మన సంఘములలోను లేకపోలేదు.

అమెరికాలో దీనికి తలిదండ్రుల సలహా అవసరమని తెలుపు "పీజీ" సర్టిఫికెట్టు ఇచ్చారు. అది సబబే. అక్కడక్కడ దుర్భాషలున్నవి. రాకెట్టు ఇంధనము కొరకు తెచ్చిన నాటుసారాను కుర్రవాళ్లు రుచి చూస్తారు. డబ్బు కొరకు పాత రైలుపట్టాలు ఊడదీస్తారు. ఆడపిల్లలను గూర్చిన మాటలు, ముద్దులు కొద్దిగా ఉన్నవి. గనిలో మరణము, ఉపాధ్యాయిని వ్యాధి చిన్నవారిని కలవరపెట్టవచ్చును. గనుక పండ్రెండేండ్లలోపు వారికి వద్దు. పదమూడు దాటినవారు పెద్దలతో కలిసి చూడవచ్చును.

మేము కొందరు పెద్ద పిల్లలతో, వారి తలిదండ్రులతో కలిసి, మధ్యమధ్య ఆపి తెలుగులో చెప్పుచు చూచాము. గనికి ఇక రానని హోమరు తండ్రితో తెగేసి చెప్పు చోట ఒక అబ్బాయి, "తండ్రికి అలా ఎదురు చెప్పవచ్చునా, అయ్యగారూ?" అన్నాడు. మంచి ప్రశ్న. తలిదండ్రులను సన్మానించుమను ఆజ్ఞ మనకున్నది. పిల్లలకు కోపము పుట్టించవద్దని తండ్రులకును హెచ్చరిక ఉన్నది. ఆ తండ్రి గాయపడినప్పుడు ఇల్లు గడుచుటకు బడి మాని గనిలో దిగినవాడు ఈ హోమరే. దారి వేరైనంత మాత్రాన గౌరవము పోలేదు. పేరుపొందిన శాస్త్రజ్ఞుని కంటె తండ్రియే తనకు ఆదర్శమని చివరకు ఆయనతోనే చెబుతాడు.

ఆఖరి రాకెట్టు ఎగురవేయు దినమున తండ్రి వస్తాడు. మాతో కూర్చున్న ఒక నేతపనివాడు అంతవరకు పలుకలేదు. అప్పుడు, "ఈయన రాకపోతే అది ఎగిరినా ఎగరనట్టే గదండీ" అన్నాడు. ఆయన కుమారుడు మగ్గము మీద కూర్చోనని చెప్పిన సంగతి మాకు తెలుసు. ఆ కుర్రవాడు తండ్రి వైపు చూచాడు.

ఆ హోమరు తరువాత నాసాలో ఇంజనీరైనాడు. అయితే ప్రతి బిడ్డయు పెద్ద ఉద్యోగి కావాలని మేము చెప్పుట లేదు. చిత్రము ముగిసిన వెంటనే లేచిపోక మీ పిల్లలను రెండు సంగతులు అడగండి: ఆ తండ్రి భయమేమిటి? ఆ కుమారుడు ఏ మాట మరింత మృదువుగా చెప్పవలసినది? వారి జవాబు పూర్తిగా వినండి. వినిన తరువాతనే మీ మాట చెప్పండి.