వజ్రాల నేలలో ఒత్తిడి మహిమ!

తొలకరి పడితే రైతు పొలానికి పరిగెడతాడు. ఉరవకొండ పక్కన వజ్రకరూరు పొలాల్లోకి మాత్రం రైతులతో పాటు ఊళ్లకు ఊళ్లే దిగుతాయి. తలలు వంచి, కళ్లు నేలకు అప్పగించి... వెతుకులాటే వెతుకులాట! వాన కడిగిన మట్టిలో ఎక్కడైనా రాయి తళుక్కుమంటే ఆ ఇంటి అప్పులు తీరినట్లే.

ఏడాది మొత్తానికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం జిల్లా ఇది. వేరుశనగ పండితే పండినట్టు, లేకపోతే వలస. అందుకే ఇక్కడ వజ్రం అంటే ఆభరణం కాదు, ఆశ.

పడగెత్తిన కొండ

అనంతపురం నుంచి ఉరవకొండ యాభై కిలోమీటర్ల పైచిలుకు. దారిలో పెన్నఅహోబిలం నరసింహస్వామి గుడి, పెన్న ఒడ్డు పలకరిస్తాయి. ఊరు దగ్గరపడేసరికి పాము పడగెత్తినట్లుండే కొండ కనిపిస్తుంది. ఉరగం అంటే పాము. ఉరగకొండే ఉరవకొండ అయిందంటారు స్థానికులు. అక్కడి నుంచి ఈశాన్యంగా వెళితే ఇరవై కిలోమీటర్ల దూరంలోనే వజ్రకరూరు.

1881లో ఇక్కడ దొరికిన ఓ వజ్రం 67 క్యారెట్ల పైమాటే! సానబట్టాక పాతిక క్యారెట్లకు కాస్త తక్కువగా తూగింది. 'గోర్-డో-నార్' అని పేరు పెట్టారు. అప్పటికి అనంతపురం జిల్లాయే లేదు. బళ్లారి నుంచి విడిపోయింది ఆ మరుసటి ఏడాది, 1882లో.

పాతాళం నుంచి పైకి

ఇంతకీ ఇక్కడే ఎందుకు? వజ్రకరూరు, లత్తవరం, మూలిగిరిపల్లి ప్రాంతాల్లో భూమి లోపల నిలువు గొట్టాల్లాంటి రాతి దిబ్బలున్నాయి. ఆ రాయి పేరు కింబర్లైట్. సుమారు 110 కోట్ల ఏళ్ల కిందట భూగర్భం నుంచి ఉవ్వెత్తున ఎగజిమ్మింది. అది తోడుకొచ్చినవే ఈ వజ్రాలు. అవి పుట్టింది మాత్రం దాదాపు 150 కిలోమీటర్ల లోతున, మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి యాభైవేల రెట్ల ఒత్తిడిలో! నెమ్మదిగా పైకి వచ్చి ఉంటే దారిలోనే గ్రాఫైట్‌గా మారిపోయేవి. అంటే పెన్సిల్ ముల్లులోని నల్లటి పదార్థం అన్నమాట.

పెన్సిల్ ముల్లూ వజ్రమూ ఒకే కర్బనం. కానీ గుణాల్లో ఎంత తేడా! పెన్సిల్‌ను రెండు కొనలా చెక్కి, రెండు బ్యాటరీలు, ఓ టార్చిలైటు బల్బుతో కలిపి చూడండి. మసకగానైనా బల్బు వెలుగుతుంది. వజ్రంతో అయితే వెలగదు. గ్రాఫైట్‌లో ప్రతి అణువూ మూడు చేతులతోనే పక్కవాటిని పట్టుకుంటుంది. మిగిలిన ఎలక్ట్రాన్ స్వేచ్ఛగా తిరుగుతూ విద్యుత్తును మోస్తుంది. వజ్రంలో నాలుగు చేతులూ బంధీలే. ఆ బంధం వేసింది ఒత్తిడి. అయితే వజ్రం మీద తగినంత శక్తిగల అతినీలలోహిత కాంతి పడితే బందీగా ఉన్న ఎలక్ట్రాన్ దూకి బయటపడుతుంది. ఆ వెలుగు ఉన్నంతసేపూ వజ్రం కూడా కరెంటును పంపిస్తుంది!

దొంగ వజ్రాలే దాగలి

ఈ కిటుకునే శాస్త్రవేత్తలు పట్టుకున్నారు. 1958 ప్రాంతంలో అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో రెండు వజ్రాల సన్నటి మొనల మధ్య పదార్థాన్ని నొక్కే చిన్న పరికరం తయారైంది. కమ్మరి దాగలి లాంటిదే, అరచేతిలో ఇమిడిపోతుంది. స్మగ్లర్ల దగ్గర ప్రభుత్వం పట్టుకున్న వజ్రాలనే అందుకు వాడారు! మొన ఎంత సన్నగా ఉంటే ఒత్తిడి అంత ఎక్కువ. భూమి నడిబొడ్డున ఉండే ఒత్తిడిని కూడా దీంతో అందుకున్నారు. పైగా వజ్రం పారదర్శకం. నొక్కుతూనే లోపలికి కాంతిని పంపి ఏం జరుగుతోందో చూడొచ్చు.

ఆ చూపులో మన తెలుగువాడి పాత్ర ఉంది. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం 1930లోనే వజ్రంపై రామన్ ఫలితాన్ని పరిశీలించి పరిశోధన పత్రాలు రాశారు. వజ్రం వెదజల్లే ఆ ప్రత్యేకమైన కాంతిని బట్టే ఇవాళ పరికరంలో ఒత్తిడి ఎంతో కూడా లెక్కగడుతున్నారు.

నొక్కితే లోహం

గాయాలకు పూసే మందులోని అయోడిన్ మామూలుగా కరెంటును దాదాపు పంపదు. రెండేసి అణువుల జంటలుగా ఎవరి గూట్లో వారున్నట్లు ఉంటుంది. లక్షన్నర రెట్లకు పైగా ఒత్తిడి పెడితే జంటలు దగ్గరై ఎలక్ట్రాన్లు ఇల్లిల్లూ తిరుగుతాయి. అయోడిన్ లోహమైపోతుంది! 1980లో డెన్మార్క్, ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు ఓ కర్బన స్ఫటికాన్ని పన్నెండువేల రెట్ల ఒత్తిడిలో, గడ్డకట్టే చలిని మించిన అతిశీతలంలో ఉంచితే ఏమాత్రం అడ్డులేకుండా విద్యుత్తు పారింది. 1996లో జపాన్‌లో మరో వింత. ఇనుము, కోబాల్టు కలిసిన పదార్థంపై ఎర్రటి కాంతి వేస్తే అయస్కాంత గుణం పెరిగింది, నీలికాంతి వేస్తే తగ్గింది. అచ్చం స్విచ్చే! ఇదీ అతిశీతలంలోనే. మామూలు వేడిలో పనిచేస్తే కాంతితో రాసి, కాంతితో చెరిపే జ్ఞాపకాల చిప్పులు సాధ్యమంటారు పరిశోధకులు.

కింబర్లైట్ ఉన్నచోటల్లా వజ్రాలుండవు. ఉన్నా అందరికీ దొరకవు. దొరికినవారికి దాని ధర తెలియదు, కొనేవారికి బాగా తెలుసు. వెతుకులాటలో విత్తు అదను తప్పితే ఏడాదంతా పస్తే. కానీ ఈ నేల మీద చదువుకునే పిల్లలకు ఇంకో దారి ఉంది. రాయి దొరక్కపోయినా, ఆ రాయి ఎందుకలా మారిందో తెలుసుకోవడానికి ఓ పెన్సిలూ రెండు బ్యాటరీలూ చాలు!

ఎలా వెళ్లాలి?

అనంతపురం, గుంతకల్లు నుంచి ఉరవకొండకు బస్సులున్నాయి. దగ్గర్లోని పెద్ద రైల్వే జంక్షన్ గుంతకల్లు. పొలాల్లోకి అడుగుపెట్టే ముందు రైతు అనుమతి తీసుకోవడం మర్యాద. అక్కడి మట్టిలో విత్తనాలూ ఉంటాయి మరి!