వాళ్లడిగింది సెలవు కాదు

మేడే అంటే చాలామందికి ఎర్రజెండా, ఊరేగింపు, మైకులో ప్రసంగం. ఇంకొందరికి క్యాలెండర్‌లో మరో సెలవు. మా ఇంట్లో మాత్రం మేడే అంటే ఓ అంకె... ఎనిమిది!

మా నాన్న స్పిన్నింగ్ మిల్లులో పనిచేసేవారు. పొద్దున ఆరింటికో సైరన్, మధ్యాహ్నం రెండింటికో సైరన్, రాత్రి పదింటికి మరోటి. ఏ షిఫ్టయినా ఎనిమిది గంటలే. అది కాగానే నాన్న మాకు దొరికేవారు. తలలో చిక్కుకున్న దూది దులుపుకుని, స్నానం చేసి, నా లెక్కల పుస్తకం ముందేసుకుని కూర్చునేవారు.

'ఎనిమిది గంటలని ఎవరు పెట్టారు నాన్నా?' అనడిగితే, 'చికాగోలో ఉరికంబం ఎక్కినవాళ్లమ్మా' అనేవారు. ఆ కథ పూర్తిగా తెలిసింది మాత్రం జర్నలిజం చదువుతున్నప్పుడు, లైబ్రరీలో.

1880ల్లో అమెరికా ఫ్యాక్టరీల్లో రోజుకు పది, పన్నెండు గంటల పని మామూలు. పనికి ఎనిమిది, విశ్రాంతికి ఎనిమిది, మిగతా ఎనిమిదీ మన ఇష్టానికి... రోజును ఇలా మూడు వాటాలు వేయాలని బ్రిటన్‌లో రాబర్ట్ ఓవెన్ అప్పటికే చెప్పి ఉన్నాడు. 1886 మే 1 నుంచి ఎనిమిది గంటలే పనిదినం అంటూ 1884లో అమెరికా కార్మిక సంఘాల సమాఖ్య గడువు పెట్టింది. ఆ రోజు రానే వచ్చింది. లక్షలాది మంది పని ఆపేసి వీధుల్లోకొచ్చారు.

మే 3న చికాగోలోని మెకార్మిక్ కోతయంత్రాల ఫ్యాక్టరీ దగ్గర పోలీసుల కాల్పుల్లో కార్మికులు చనిపోయారు. మర్నాడు రాత్రి హేమార్కెట్ కూడలిలో నిరసన సభ. వాన వచ్చేలా ఉండటంతో జనం పల్చబడ్డారు. సభ ముగుస్తుండగా పోలీసులొచ్చారు. ఎవరో బాంబు విసిరారు. ఆ వెంటనే కాల్పులు. ఏడుగురు పోలీసులు, కనీసం నలుగురు పౌరులు ప్రాణాలు కోల్పోయారు.

ఆ బాంబు వేసిందెవరో ఇప్పటికీ తేలలేదు. శిక్ష మాత్రం ఎనిమిది మందికి పడింది. ఆగస్ట్ స్పైస్, ఆల్బర్ట్ పార్సన్స్, అడాల్ఫ్ ఫిషర్, జార్జ్ ఎంగెల్... ఈ నలుగురినీ 1887 నవంబర్ 11న ఉరితీశారు. లూయీ లింగ్ ముందురోజే జైల్లో చనిపోయాడు. మిగిలిన ముగ్గురికీ 1893లో ఇల్లినాయ్ గవర్నర్ ఆల్ట్‌గెల్డ్ క్షమాభిక్ష పెట్టాడు. విచారణే న్యాయంగా జరగలేదని తేల్చి చెప్పాడు.

1889లో పారిస్‌లో సమావేశమైన సోషలిస్టులు మే 1ని ప్రపంచమంతా పాటించాలని తీర్మానించారు. మరుసటి ఏడాదే మొదలైంది. విచిత్రమేమిటంటే పుట్టినింట్లోనే దానికి చోటు దొరకలేదు. అమెరికాలో కార్మికుల సెలవు సెప్టెంబర్ మొదటి సోమవారం!

మన దేశంలో తొలి మేడే 1923లో జరిగింది. మద్రాసు సముద్రతీరంలో రెండు చోట్ల సింగారవేలు చెట్టియార్ సభలు పెట్టి, ఎర్రజెండా ఎగరేశారు. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో ఫ్యాక్టరీల చట్టం తెచ్చారు. రోజుకు తొమ్మిది గంటలు, వారానికి 48 గంటలు... అంతకు మించకూడదంది. మా నాన్న సాయంత్రాల వెనక ఉన్నది ఆ చట్టమే.

మా పిన్ని కూతురిది మరో కథ. బట్టల షాపులో సేల్స్‌గాళ్. పొద్దున పదింటికి వెళితే రాత్రి పదింటికి షట్టర్ దించాకే ఇంటిదారి. కొనేవాళ్లు లేకపోయినా కూర్చోకూడదు. ఇల్లు చేరేసరికి నాలుగేళ్ల పిల్లాడు నిద్రపోయి ఉంటాడు. అలాంటిచోట చట్టం ఉన్నా గడియారం మాత్రం యజమానిదే. మరోపక్క చట్టాలూ సాగుతున్నాయి. వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల వరకూ పనిచేయించుకోవచ్చని 2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. దుకాణాలను అందులోంచి మినహాయించింది. వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలంది.

'మేడేకైనా సెలవిస్తారా?' అని మా చెల్లిని అడిగాను.

'సెలవెందుకక్కా! రోజూ ఓ రెండు గంటలు ముందొదిలితే చాలు. వాడు మేలుకుని ఉండగా ఇంటికెళ్తా' అంది.

చికాగో పేరు తను ఎప్పుడూ వినలేదు. వాళ్లడిగిందీ సెలవు కాదు, ఇదే. మూడో ఎనిమిది.